డేరాలు పైకి వేసుకోమన్నాడు

ముప్పై ఏళ్లకు పైగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేదు, కక్కలేదు. బరువు మోశానని గొప్పగా చెప్పుకోను. మోసేవాడికి ఎక్కడో ఒకచోట దించాలని ఉంటుంది. నాకు అదీ లేదు. దాచాను. దాని మీదే కూర్చుని ఉద్యోగం చేశాను, ఇప్పుడు పెన్షన్ తింటున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే దమ్ము ఉంటే మీదాకా ఎందుకు వస్తాను? చదివి జాలిపడే మనిషైతే ఇక్కడితో ఆపేయండి. "పోనీలే, కుర్రతనం" అని మాత్రం అనకండి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు, పెళ్లి కూడా కుదిరింది. కుర్రతనమట, నా మొహం.

యాభైల్లో మాట. కడపలో టీచరు ట్రైనింగులో ఇరవై మందిమి ఉండేవాళ్లం. మా పెద్ద మాస్టరుకు ఒక పట్టుదల. సముద్రం చూడనివాడు పిల్లలకు సముద్రం పాఠం ఏం చెబుతాడు అనేవాడు. మాలో ఒక్కడూ చూడలేదు. అందరం కర్నూలు, కడప వాళ్లమే, బిందెడు నీళ్లకు అరమైలు నడిచే ఊళ్లవాళ్లం. ఎండాకాలంలో నెల్లూరు దాటి, సముద్రం ఒడ్డున పది రోజులు డేరాలు వేసుకుని ఉందామన్నాడు.

డేరాలు ఖాదర్ తెచ్చాడు. ఖాదర్ మా తరగతివాడే. కర్నూలులో వాళ్ల నాయన పెళ్లిళ్లకు, ఉరుసులకు డేరాలు వేసేవాడు, అవి స్వయంగా కుట్టేవాడు కూడా. పెళ్లిళ్ల రోజులైనా సరే, కొడుకు చదువు కోసమని ఆ ముసలాయన మూడు డేరాలు ఊరికే ఇచ్చాడు. దాంతో మాస్టరు ఖాదర్‌ను క్యాంపుకు పెద్దను చేశాడు.

నాకు ఖాదర్ అంటే పడదు. ఎందుకు పడదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఒకసారి ట్రైనింగులో భాగంగా నేను పిల్లలకు పాఠం చెబుతూ బోర్డు మీద లెక్క తప్పు వేశాను. వెనక బెంచీలో ఉన్న ఖాదర్ అందరి ముందూ ఎత్తిచూపలేదు. అంతా అయ్యాక పక్కకు పిలిచి, మెల్లగా చెప్పాడు. అందరి ముందూ నవ్వి ఉంటే బాగుండేది. తిట్టడానికి నాకొక కారణమైనా దొరికేది. మా ఇంట్లో నాలుగు జతల ఎద్దులుండేవి. డేరాలు కుట్టేవాడి కొడుకు నా పరువు కాపాడటమేమిటని ఒళ్లు మండిపోయింది. మంచివాణ్ణి ద్వేషించడం ఎంత కష్టమో మీకు తెలుసా? రోజూ కొత్తగా రాజేసుకోవాలి.

ఇంకోటి ఉంది. మైదుకూరు దగ్గర కొత్తగా పెట్టిన బడికి ఒక టీచరు కావాలని మాస్టరుకు కబురు వచ్చింది. ఆయన ఎవరి పేరు రాస్తే వాళ్లకే ఉద్యోగం. క్యాంపు సరిగ్గా నడిపితే ఖాదర్ పేరు రాస్తానని ఆయన అందరి ముందూ అన్నాడు. ఆ బడి మా ఊరికి నాలుగు మైళ్లు. అది నాదేనని ఇంట్లో అప్పటికే చెప్పుకున్నాను. ఖాదర్‌కు అదెంత అవసరమో కూడా నాకు తెలుసు. వాళ్ల నాయనకు చూపు తగ్గి, సూదిలో దారం ఎక్కడం లేదు. ఇక ఇల్లు నడవాల్సింది వాడి జీతం మీదే.

సముద్రం అందంగానే ఉంది. ఉన్నమాట చెప్పాలి కదా. ఒకపక్క సరుగుడు తోట, దాని ముందు ఇసుక దిబ్బ, దిబ్బ కింద కంటికి ఆనినంత దూరం తెల్లటి ఇసుక. మావాళ్లు చొక్కాలు విప్పి అరుచుకుంటూ పరిగెత్తారు. నాకేమో కోపం వచ్చింది. ఇన్ని నీళ్లు పెట్టుకుని గుక్కెడు తాగడానికి పనికిరాదు, దీని అందం ఎవడిక్కావాలి అనుకున్నాను.

ఖాదర్ డేరాలు ఎక్కడ వేయించాడో చెబుతాను, నవ్వకండి. దిబ్బ కింద, నీళ్లకు దగ్గరగా, చదునుగా ఉన్న పొడి ఇసుకలో. మాకు తెలిసిన ఇసుక పెన్న ఇసుక. ఎండాకాలంలో ఏటి మధ్యనే పక్కలు వేసుకుని పడుకునేవాళ్లం. ఎంత పల్లంలో ఉంటే చెలమ తవ్వుకోవడానికి అంత సులువు. మా ఏరు ఎప్పుడో వానలకు వస్తుంది, వచ్చే ముందు పైఊళ్ల నుంచి కబురు వస్తుంది. రోజూ రెండుసార్లు వచ్చిపోయే నీళ్లను మేం ఎన్నడూ చూడలేదు. పున్నమికి, అమావాస్యకు పోటు ఎక్కువని పుస్తకంలో చదివాం, పరీక్షలో రాశాం. ఆ మాటకూ మా కాళ్ల కింది ఇసుకకూ సంబంధం ఉందని మా ఇరవై మందిలో ఒక్కడికీ తట్టలేదు. అష్టమినాడు దిగాం. వారం రోజులు ఇసుక తడవలేదు. మాస్టరు కూడా చోటు బాగుందన్నాడు.

పున్నమి ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం నేనొక్కణ్ణే డేరాల దగ్గర ఉన్నాను. మిగతావాళ్లు గవ్వలేరుకోవడానికి పోయారు. వల భుజానేసుకుని ఒక ముసలాయన వచ్చాడు. డేరాల చుట్టూ తిరిగి, ఒక మేకును కాలితో తట్టి చూశాడు.

"అబ్బయా, ఈడ ఏశారేంది? ఎల్లుండి పున్నమి. పొద్దున పోటుకి నీళ్లు ఈ దిబ్బ మొదలుదాకా వస్తాయి. డేరాలు పైకి ఏసుకోండి. మీ పెద్దతనికి చెప్పు."

"చెప్తాలే, పో" అన్నాను.

చెప్పలేదు.

మొదట, వీడెవడో జాలరి, వీడికేం తెలుసు అనుకున్నాను. అది అబద్ధం. వాడికే తెలుసని నాకు తెలుసు. తర్వాత, సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రం ఖాదర్ అందరికీ అన్నం వడ్డిస్తూ, నా ఆకులో నేను అడగకుండానే ఇంకో గరిటె చారు పోశాడు. అది చూసి చెప్పబుద్ధి కాలేదు. తడవనీ అనుకున్నాను. నాలుగు గుడ్డలు తడుస్తాయి, మాస్టరు ముందు వీడి పెద్దరికం బయటపడుతుంది, అంతే కదా. అంతేనా నేను కోరుకున్నది? కాదు. ఆ ఉద్యోగం పోవాలని కోరుకున్నాను. ఖాదర్ అందరి ముందూ తలదించుకుని నిలబడాలని కోరుకున్నాను. కోరుకున్నది జరిగింది.

పున్నమి పొద్దున సరుగుడు తోటలో మాస్టరు పాఠం చెబుతున్నాడు. ఒడ్డున జాలరి ఆడవాళ్ల కేకలు వినిపించాయి. మేం దిబ్బ ఎక్కి చూసేసరికి రెండు డేరాల కింద నీళ్లు ఆడుతున్నాయి. మూడోది అప్పటికే ఒరిగిపోయింది. బియ్యం మూటలు, చాపలు, ట్రంకుపెట్టెలు, పరీక్షకు చూపించాల్సిన మా పాఠాల నోటుపుస్తకాలు, అన్నీ అలల్లో దొర్లుతున్నాయి. ఖాదర్ ఈత రానివాడు. అయినా నడుము లోతుకు దిగి డేరా గుడ్డను కౌగిలించుకున్నాడు. అల లాగితే పడ్డాడు, లేచాడు, మళ్లీ పట్టుకున్నాడు. జాలర్లు ఇద్దరు వెళ్లి వాడి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. డేరా పోయింది. మిగిలిన రెండూ మేకుల దగ్గర నిలువునా చిరిగాయి.

మావాళ్లు ఖాదర్‌ను నోటికొచ్చినట్టు తిట్టారు. ఏడాదంతా రాసిన నోటుపుస్తకాలు పోయాయి మరి. మాస్టరు తిట్టలేదు. "మూడు డేరాలు చూసుకోలేనివాడి చేతికి నలభై మంది పిల్లల్ని ఎట్ల అప్పజెప్పేది?" అన్నాడు. ఎవరైనా ముందే చెప్పారా అని ఖాదర్‌ను అడిగాడు. ఎవరూ చెప్పలేదు, తప్పు నాదే అని ఖాదర్ అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. తేలు కుట్టిన దొంగలాగా ఉన్నాను. వల ముసలాయన వేటకు పోయాడో ఏమో, ఆ పొద్దు కనిపించలేదు. మధ్యాహ్నానికి బండ్లు కట్టించుకుని బయలుదేరాం.

మైదుకూరు బడికి మాస్టరు నా పేరు రాశాడు. బాగానే చెప్పాను పాఠాలు. ఆ బడిలోనే హెడ్మాస్టరునయ్యాను, దండలు వేయించుకున్నాను. ఖాదర్‌కు రెండేళ్ల తర్వాత కోసిగి దగ్గర ఒక పల్లెలో ఉద్యోగం దొరికింది. వానలు లేని ఏడు అక్కడ సగం ఊరు పిల్లల్ని వెంటేసుకుని పనికి వలసపోతుంది. ఖాళీ బడిలో హాజరు వేసుకుంటూ ఉండిపోయాడు. వాళ్ల నాయన ఆ చిరిగిన డేరాలను మళ్లీ కుట్టలేకపోయాడని, ఆ పని అక్కడితో మానేశాడని విన్నాను.

ఇప్పటిదాకా మీ దగ్గర కూడా ఒకటి దాచాను. చెప్పడం మరిచిపోయానని కొన్నేళ్లు నన్ను నేను నమ్మించుకోవాలని చూశాను. కుదరలేదు. ఎందుకంటే పున్నమి పొద్దున, పాఠానికి పోయే ముందు, నా ట్రంకుపెట్టెను నెత్తిన పెట్టుకుని దిబ్బ మీదికి చేర్చింది నేనే. ఇరవై పెట్టెల్లో నాదొక్కటే తడవలేదు.

రైల్లో ఖాదర్ ఉప్పునీళ్లకు అట్టకట్టిన బట్టలతో నా ఎదుట కూర్చున్నాడు. మార్చుకోవడానికి వాడికి ఏమీ మిగల్లేదు.

"నీ పెట్టె తడవలేదా అప్పా?" అన్నాడు.

"గుడ్డలు ఆరేద్దామని పైకి ఎత్తుకపోయింటి."

నా మొహంలోకి చూశాడు. ఇప్పుడు అడుగుతాడు అనుకున్నాను. నిజంగా అడుగుతాడనే అనుకున్నాను.

"మంచిదాయ. ఒగనిదన్నా మిగిలె" అన్నాడు.

నేను పెట్టె తెరిచి ఒక చొక్కా ఇచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ తెలియదు. దయతో మాత్రం కాదు. తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూ, "శానా మేలు చేసినావప్పా. నేను మర్చిపోను" అన్నాడు.

అన్నట్టే మరిచిపోలేదు. ఏటేటా రంజాన్ ముందు కోసిగి నుంచి ఒక పోస్టుకార్డు రాసేవాడు, కులాసానా అని. కులాసా అని నేను రాసేవాణ్ణి. పోయినేడు వాడి కొడుకు రాశాడు, నాయన పోయాడని, మీ మాట తరచూ చెప్పేవాడని.

క్షమించమని ఇప్పుడు ఎవరిని అడగాలి? బతికి ఉన్నా అడిగేవాణ్ణి కాను. క్షమించేసేవాడు, దాన్ని నేను భరించలేను. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. అంతకు మించి నాకేమీ రాకూడదు.

ఖాదర్, ఆ ముసలాయన నాకు చెప్పాడు. నా పెట్టె పైకి చేర్చుకున్నాను, నీకు చెప్పలేదు. ఇంతే. ఒక కార్డులో పట్టేది.