కాలువ కట్టేలోగా అవతలి గట్టు

క్లోరిన్ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాలో అనుమానం ఒళ్ళు విరుచుకుని లేస్తుంది. మా అమలాపురంలో కొత్తగా వెలిసిన ఈతకొలను గేటు దగ్గర ఒక బోర్డు ఉంది: ‘సరదాగా ఈదండి, ఒళ్ళంతటికీ ఒకే వ్యాయామం, నెల తిరిగేసరికి నాజూకు నడుము’. బొమ్మలో కుర్రాడి కడుపు మీద పెంకులు పేర్చినట్టు కండలున్నాయి. వాడు తల్లి కడుపులోంచే ఆ పెంకులతో వచ్చి ఉంటాడనీ, వాడికీ ఈతకీ బంధుత్వం లేదనీ నా నమ్మకం. పైగా ఆ నీళ్ళు మరీ నీలం. నేను కాలువ ఎరిగినవాణ్ణి. నీళ్ళన్నాక టీ రంగులో ఉండాలి, గుర్రపుడెక్క ఒకటి తేలుతూ రావాలి, అవతల రేవులో గేదె ఒకటి మనల్ని చూసి విసుక్కోవాలి. అడుగు దాకా కనబడే నీళ్ళని నమ్మడం నా వల్ల కాదు.

ఇంత అనుమానం నాకు తల్లిదండ్రులు ఇచ్చిన ఆస్తి కాదు. ఈతతోపాటు నాకు దీన్నీ అంటించినవారు బుల్లబ్బాయి గారు. అంబాజీపేట దగ్గర ఆయనకు కొబ్బరికాయల కొట్టు ఉండేది. నేను అందులో గుమస్తాని. ఆయన అనుమానం ఈ చుట్టుపక్కల మండలాలన్నిటికీ సరిపోగా మిగిలేది. కాయ ఏదైనా సరే, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపలి చప్పుడు విన్నాకే ఒప్పుకునేవారు. పెళ్ళిపీటల మీద వియ్యంకుడు చేతికిచ్చిన కాయను కూడా అలాగే ఆడించారు. గోడ గడియారం తొమ్మిది కొడితే, పక్క కొట్లో గడియారం కూడా కొట్టిందో లేదో కనుక్కు రమ్మని మనిషిని పంపేవారు. కొట్లో హమాలీలతో సహా అందరినీ ‘మీరు’ అనేవారు. అది మర్యాద అనుకున్నాను చాలా కాలం. ఒకసారి అడిగితే అసలు సంగతి చెప్పారు: “నువ్వంటే చనువు పెరుగుద్దండి. చనువు పెరిగితే కాయలు తగ్గుతాయండి.”

ఆ రోజుల్లో నా ఒంటి విస్తీర్ణం ఎకరాల్లో చెప్పుకోవలసి వచ్చేది. కొట్టు అటక మీద కురిడీలు ఉండేవి. తొక్క తియ్యకుండా నెలల తరబడి అటక మీద వదిలేస్తే, లోపలి నీళ్ళు ఇంకిపోయి కొబ్బరి ఎండి గుడుగుడులాడుతుంది. అలాంటి కాయని కురిడీ అంటాం. వాటిని చూసి రావడం నా పని. ఒకరోజు నిచ్చెన సగంలో ఊపిరందక కళ్ళు తిరిగి, అటకకీ నేలకీ మధ్య వేలాడిపోయాను. ముగ్గురు హమాలీలు బస్తా దించినట్టు దించారు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, మా నాన్న పోయింది నలభై ఆరో ఏట, ఇలాగే మెట్లెక్కుతూ. నాకప్పుడు నలభై నాలుగు. డాక్టరు గారు గుండె విని, మోకాళ్ళు నొక్కి, ఇక నడక కూడా దండగే అన్నారు. నీళ్ళలో అయితే మోకాలికి ఒంటి బరువు తెలియదనీ, కాళ్ళూ చేతులూ నడుమూ గుండే అన్నీ ఒకేసారి పని చేస్తాయనీ, ఈత ఒక్కటే దారనీ తేల్చారు.

బుల్లబ్బాయి గారు అంతా విని, “డాక్టరు గారికి ఈతొచ్చాండి?” అన్నారు.

“అడగలేదండి.”

“అడగాల్సిందండి. రాని విద్యే ఎదటోళ్ళకి చెప్పబుద్దేస్తది.” కాసేపు నన్ను కాయను చూసినట్టు చూసి, “రేపు తెల్లారేసరికి లాకుల కాడ రేవుకొచ్చెయ్యండి. నేనే నేర్పుతాను” అన్నారు.

నాకు ఆ రోజు అన్నం సహించలేదు. కొబ్బరి పీచు కూడా ఊరికే పోనివ్వని మనిషి ఊరికే ఈత నేర్పుతాననడమేమిటి? మా ఆవిడ ఇంకో ఆకు ఎక్కువే చదివింది. “మిమ్మల్ని అక్కడే ముంచేసి, మీ చోట్లో వాళ్ళ బామ్మర్దిని కూచోబెడతారేమో. ఒడ్డునే ఉండండి” అంది. ఈత ఒడ్డున ఎలా నేర్చుకోవాలో మాత్రం చెప్పలేదు.

మావైపు పిల్లలు ఈత నేర్చుకునేది ఎండుకొబ్బరికాయల జత కట్టుకునే. ఏవో రాలిన కాయలు, ఏదో తాడు. బుల్లబ్బాయి గారు మాత్రం అటక మీది మేలైన కురిడీలు రెండు దింపించి, తొక్కతో సహా పీచుతాడుతో జతకట్టి నా చంకల కింద బిగించారు. అమ్ముడుపోయే సరుకు నాకు కట్టారంటే దీని వెనక చాలా పెద్ద సంగతే ఉందని నిశ్చయించుకున్నాను. నేను దిగగానే కాలువ పొంగి, దిగువ రేవులో బట్టలుతికే ఆడవాళ్ళు రెండు మెట్లు పైకి జరిగారని నేనంటాను. జరగలేదని మా ఆవిడ అంటుంది. ఆవిడ అక్కడ లేదు.

ఆయన గట్టు వారగా, మెడ లోతులో, చేతులు ఆడిస్తూ నా పక్కనే కదిలేవారు. చూపంతా నా కాళ్ళ మీదే.

“కాలు కింద ఆనించేసేరు!”

“లేదండి.”

“బురద లేచిందండి. మీకన్నా బురద నిజం చెబుద్దండి.”

“చేప అయి ఉంటుందండి.”

“అంత చేపయితే మరి వల తెప్పిస్తానుండండి, ఊరందరికీ వొస్తది!”

సంక్రాంతి దాటాక ఒక కాయ విప్పేశారు. నాకు తెలియకుండానే ఏదో జరుగుతోంది. చొక్కా గుండీలు ఒకదాన్నొకటి చూడగలుగుతున్నాయి. అటక నిచ్చెన మీద ఊపిరి నాతోపాటే పైకి వస్తోంది. నడవమంటే ఏడుపొచ్చే నేను, నీళ్ళనేసరికి కోడి కూయకముందే లేచి కూర్చుంటున్నాను. ఒంట్లో ఇన్ని కండలున్నాయని అవి నొప్పి పెట్టాకనే తెలిసింది. నొప్పి కూడా సరదాగానే ఉంది.

అయినా అనుమానం తగ్గలేదు. ఈయన నడికాలువలోకి ఎందుకు రారు? నా కళ్ళ ముందు ఒక్కసారైనా గట్టెక్కరేం? ఈత అవ్వగానే నన్ను టీకి పంపేవారు. తిరిగొచ్చేసరికి పొడి పంచెతో మెట్ల మీద కూర్చుని ఉండేవారు. ఎడమకాలు కొంచెం ఈడ్చేవారు. అడిగితే, “అరికాల్లో ఆనె అండి” అనేవారు.

ఎండలు ముదిరాయి. కాలువ కట్టేస్తారని కబురొచ్చింది. ఏటా అంతే. వేసవిలో లాకులు మూసేస్తే మళ్ళీ తొలకరి దాకా కాలువలో పిల్లలు క్రికెట్ ఆడుకోవలసిందే. ఈలోగా కాయల్లేకుండా అవతలి గట్టు ముట్టుకోకపోతే, ఈ నేర్చిందంతా వేసవిలో ఆవిరైపోయి, నా పాత ఊపిరి నాకొచ్చేస్తుందని భయం. అప్పటికే నీళ్ళు తగ్గుముఖం పట్టాయి.

“మీరు పక్కనుంటారా అండి?” అన్నాను, రెండో కాయ విప్పుతుంటే.

“ఆయ్. ఎడం పక్కనే ఉంటాను. ఎటూ చూడకండి.”

ఆ కాలువ వెడల్పు ఎంతని అడిగితే ఇంజనీర్లు ఏదో చెబుతారు. ఆ ఉదయం అది గోదావరి అంత ఉంది. సగం దాటాక నోట్లోకి నీళ్ళు పోయాయి. చేతులు బరువెక్కాయి. మా నాన్న మెట్ల మీద కూలబడిన తీరు కళ్ళ ముందుకొచ్చింది. కాళ్ళు దించేద్దామనుకున్నాను.

“దించకండి! చూస్తన్నాను!” అన్న కేక ఎడమవైపు నుంచి, చాలా దగ్గరగా.

గడ్డి చేతికి తగిలింది. పట్టుకుని వెనక్కి తిరిగాను. బుల్లబ్బాయి గారు చేతులు ఆడిస్తూ వస్తున్నారు. నీళ్ళు ఆయన గుండెల దాకానే ఉన్నాయి. వెనకాల మేం దిగిన రేవు నుంచీ ఒకటే బురద చార.

“మీరు నడిచేరండి!” అన్నాను.

“ఆయ్. నడిచేను.”

“ఇన్నాళ్ళూనా?”

“ఆనె కాదండి, నరం. దసరాల కాణ్ణించి ఎడంకాలు నీళ్ళలో తన్నట్లేదు. ఇంట్లో తెలిస్తే మాన్పించేస్తారండి. ఊహ తెలిసిన కాణ్ణించి కాలవలో దిగకుండా నాకు తెల్లారలేదు.”

“మరి నాకు నేర్పడం దేనికండి?”

“నేనెప్పుడేనా ములిగితే లాగడానికి ఓ మనిషి కావాలి గదండి. ఈతొచ్చినోణ్ణి పిలిస్తే ఇట్టే కనిపెట్టేసి ఇంట్లో చెప్పేస్తాడు.”

నాలుగు నెలలుగా నేను తవ్వుతున్న సంగతి ఇదీ. ఒక అనుమానం నిజమైనందుకు నాకంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. “అంతమందిలో నన్నే నమ్మేరన్నమాట” అన్నాను.

“నమ్మడమేంటండి! మీ ఒళ్ళు చూసేను. ములిగే సరుకు కాదు.”

గట్టెక్కడానికి చెయ్యిచ్చాను. ఆ చేతిని ఆయన కాసేపు పరిశీలించి, ఆ తర్వాతే పట్టుకున్నారు.

తొలకరికి నీళ్ళొదిలారు. ఈసారి కురిడీల జత ఆయన ఒంటికి కట్టడానికి నాకు వారం పట్టింది. కట్టనిచ్చే ముందు రెండింటినీ చెవి దగ్గర పెట్టుకుని ఆడించారు. ఆయన గట్టు వారన, నేను ఆయనకు కుడిపక్కన, ప్రతి బారకీ ఆయన వైపు తల తిప్పి చూసుకుంటూ ఈదేవాణ్ణి. ఆ మరుసటి ఏడు ఒక ఉదయం రేవులో దిగుతూ, “ఇయ్యాళ్టితో మీ నాన్నగారికన్నా పెద్దోరయ్యేరు మీరు. పదండి, ఈదుదాం” అన్నారు. ఆ తేదీ ఆయనకు ఎలా తెలుసో అడగలేదు. మరి కొన్నేళ్ళకు ఆయన ఇంట్లోనే, మంచం మీదే, మధ్యాహ్నం కునుకులో వెళ్ళిపోయారు. నేనుండగా కాలువ ఆయన్ని ఏమీ చెయ్యలేదు.

ఇప్పుడు ఈతకొలనులో, నేను నమ్మకుండానే దిగే ఈ నీలం నీళ్ళలో, నేర్పే అబ్బాయి రోజూ నా మీద విసుక్కుంటాడు. “సార్, ఊపిరి రెండు పక్కలా తీసుకోవాలండి. మీరు ఎప్పుడూ ఎడమవైపే తిరుగుతున్నారు, మెడ పట్టేస్తది.” అలవాటు బాబూ, అంటాను. ఎడమపక్క వరసలో ఎవరూ ఉండరు. ఉన్నారేమోనని చూసుకోనిదే నాకు ఊపిరందదు.