దారి పొడుగునా చుట్టాలే

నా చిన్నప్పుడు మా ఇంట్లో నా అంత మొండిఘటం ఇంకొకటి లేదని పేరు. కర్నూలు రాజధాని అయిందని పెద్దవాళ్లు అరుగుల మీద కూర్చుని గొప్పగా చెప్పుకునే రోజులవి. మా ఊరు ఆస్పరికి దగ్గర. అమ్మ పుట్టిల్లు దేవనకొండ వైపు, పెద్దవాళ్లకైతే ఒక పూట నడక. అమ్మ కాన్పుకని ఉగాదికి చాలా ముందే అక్కడికి వెళ్లింది. ఉగాది మర్నాడు కైరుప్పలలో జరిగే పిడకల సంబరం చూసి తిరిగొస్తున్న వాళ్లెవరో నాకు తమ్ముడు పుట్టాడని కబురు తెచ్చారు.

ఆ కబురు విన్నప్పటినుంచి అమ్మ దగ్గరికి పోవాలని నేను రాగం అందుకున్నాను. తమ్ముడి మీద ప్రేమేమీ కాదు. అమ్మ పక్కన నా చోటులో వాడు పడుకుని ఉంటాడని దిగులు. చూస్తే నాన్న బండినిండా పత్తి వేసుకుని ఆదోనికి వెళ్లాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. నా ఏడుపుకు ఇల్లంతా విసిగిపోయాక మా తాత, అంటే నాన్నకు నాన్న, నడిచే పోదాం పదమన్నాడు.

"నా నడుము సంగతి నీకు తెల్సు కదా పాపా. ఎత్తుకోమంటే నా చేత కాదు. నువ్వు యాడ కూలబడితే ఆడ్నించే వెనక్కి వచ్చేస్తాము" అని ముందే చెప్పాడు. సరేనన్నాను. మరి ఆకలేస్తేనో, ఎండకొడితేనో అని అడిగాను. "దావ పొడుగూతా మన సుట్టాలే ఉండారు లే. అన్నీ వాళ్లే సూసుకుంటారు" అన్నాడు.

చుట్టాలంటే నాకు వేరే చెప్పాలా? మురుకులు, బెల్లం ఉండలు, వీలైతే ఒక కొత్త రవికగుడ్డ. ఉన్నవాటిలో మంచి పావడా కట్టుకుని, రెండు జడలు వేయించుకుని, పేరంటానికి పోయేదానిలా తయారయ్యాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. తాత ఎండు సొరకాయ బుర్రలో నీళ్లు నింపుకుని, పసివాడికని ఎమ్మిగనూరు నేతగుడ్డ ఒకటి మడిచి చంకలో పెట్టుకుని బయలుదేరాడు.

పొద్దు కొంచెం పైకొచ్చేసరికి మొదటి చుట్టం ఇంటికి చేరాం. అది ఇల్లు కాదు, సీమచింత చెట్టు. తాత దాని కింద నిలబడి, "ఏం పిన్నమ్మా, బాగుండావా? మనవరాల్ని పిల్చుకొచ్చినా సూడు" అని చేతులు జోడించాడు. చేతిలో ఊతంగా తెచ్చుకున్న కొక్కెం కర్రతో ఎర్రబారిన కాయలు నాలుగు గుత్తులు లాగి నా ఒళ్లో పోశాడు. నాకు ఒళ్లు మండింది. మురుకులు ఏవని అడిగితే, పిన్నమ్మకు పొయ్యి లేదని, ఉన్నదే పెట్టిందని జవాబు. అలిగి కూర్చుని కాయలన్నీ తినేశాను. అలక అలకే, తిండి తిండే. ఇంకా కావాలని కొమ్మను పట్టుకుని గుంజబోతే మాత్రం తాత నా చెయ్యి పట్టుకున్నాడు. "సుట్టాలింటికి పోయి కుండ బోర్లిస్తామా పాపా?" అన్నాడు.

ఆ తరువాత వరుసగా చుట్టాలు తగులుతూనే ఉన్నారు. ఒక వంకగట్టున చింతచెట్టు వచ్చింది. దాని లేతచిగురు కోసి, దప్పికైనప్పుడల్లా కొంచెం నోట్లో వేసుకుని చప్పరించమన్నాడు. నోరు పులుపెక్కి ఊరిందంటే నీళ్ల మాటే మరిచిపోతావన్నాడు. నిజమే, బుర్రలో నీళ్లు చాలాసేపు అట్లాగే ఉన్నాయి. ఆ చిగురు కాస్త పావడా కుచ్చిళ్లలో దోపుకున్నాను. ఎండ ముదిరాక తంగేడు పొద దగ్గర ఆగి, రెండు గుప్పెళ్ల ఆకు దూసి నా తలమీద పరిచి పైన తన భుజం మీది తుండుగుడ్డ కట్టాడు. "ఈమె తంగేడత్త. ఎండన పొయ్యేటోల్లకి ఈమె సలవ సెయ్యాల్సిందే" అన్నాడు. కాసేపటికి నడినెత్తి మీద చల్లగా అనిపించింది. నేను కూడా, కొంచెం సిగ్గుపడుతూనే, పొదకు దండం పెట్టాను.

జిల్లేడు మామ ఒక్కడే కోపిష్టి. నా కాలిలో పల్లేరు ముల్లు విరిగితే తాత జిల్లేడు ఆకు తుంచి, ఆ పాలచుక్క ముల్లు మీద వేసి, మెత్తబడ్డాక గోటితో తీసేశాడు. తీసేటప్పుడు నా రెండు చేతులూ వెనక్కి కట్టుకోమన్నాడు. "మామ మంచోడే, గానీ కంట్లో పడ్డాడంటే కన్ను పోతాది" అన్నాడు. కాలే మట్టి మీద నడవలేకపోతున్నానని ఆ జిల్లేడు ఆకులనే నా అరికాళ్లకు పెట్టి, తన తలగుడ్డ అంచు చింపి కట్టాడు.

అమ్మ ఊరికి ముందు ఒక పెద్ద నల్లరేగడి బయలు ఉంది. పత్తికట్టెలు కొట్టేసి ఉన్నాయి. కనుచూపు మేర చెట్టు లేదు, గట్ల మీద అక్కడక్కడా తంగేడు పొదలు తప్ప. కాళ్లకు కట్టిన ఆకులు ఎప్పుడో చిరిగిపోయాయి. దూరంగా ఊరు కనిపిస్తోంది కానీ ఎంత నడిచినా దగ్గరికి రావడం లేదు. నేను కూలబడ్డాను. అమ్మ వద్దు, తమ్ముడు వద్దు, ఇంక ఒక్క అడుగు వేయను అన్నాను. అన్నానే గానీ వెనక్కి పోదామంటాడేమోనని ఓరకంట తాతవైపు చూశాను.

తాత తిట్టలేదు, బతిమాలలేదు. నా పక్కనే మెల్లగా కూర్చుని, కర్ర పక్కన పడేసి, కణతలు పట్టుకున్నాడు. "పాపా, నాకు కండ్లు తిరుగుతాండాయి" అన్నాడు.

నా ఏడుపు ఎక్కడికి పోయిందో తెలియదు. లేచి గట్టు మీదికి పరుగెత్తాను. తంగేడత్తను బతిమాలుకుంటూ ఒడినిండా ఆకు దూసుకొచ్చాను. తాత తలగుడ్డ విప్పి, ఆకు పరిచి, నాకు చేతనైనట్టు వంకరగా చుట్టాను. కుచ్చిళ్లలో వాడిపోయి ఉన్న చింతచిగురు ఆయన నోట్లో పెట్టి, బుర్ర ఎత్తి నీళ్లు పట్టాను. "లే తాతా, అదో ఊరు కనిపిస్తాంది. నేను పట్టుకుంటా, కూలబడితే ఊరుకోను" అని గద్దించాను. కర్ర ఒక కొస ఆయన పట్టుకున్నాడు, రెండో కొస నేను పట్టుకుని లాగుతూ నడిచాను. వెనక్కి తిరిగి చూడడం, తాత మొహం చూడడం, మళ్లీ లాగడం. నేల కాలుతోందన్న సంగతే నాకు తట్టలేదు.

అమ్మమ్మ ఇంటి ముందు మేకలు రాకుండా తుమ్మకంప అడ్డం వేసి ఉంది. అంతసేపూ కాళ్లీడ్చిన మనిషి చెంగున దాన్ని దాటి, "అమ్మా, నీ కూతురు నన్ను బతికించి పిల్చుకొచ్చింది" అని పకపకా నవ్వాడు. అమ్మ బాలింత మంచం మీదనుంచి నవ్వింది, అమ్మమ్మ నవ్వింది. నాకు సంగతి అర్థమై, తాతను మోసగాడివని తిట్టి, గోడవైపు తిరిగి కూర్చున్నాను. అమ్మ నన్ను లాక్కుని తన పక్కన పడుకోబెట్టుకుంది. తమ్ముడు అటుపక్క ఉన్నాడు. ఇటుపక్క నా చోటు అట్లాగే ఉంది. అప్పుడు నాకు కలిగిన సంతోషం మళ్లీ చాలా ఏళ్లదాకా ఎరగను.

అమ్మమ్మ ఆముదపాకు వెచ్చజేసి నా పాదాలకు కడుతుంటే తాత గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా లేవలేదు. తలగుడ్డలో నేను పెట్టిన ఆకు కూడా తీయలేదు. "ఆకు వాడిపోయింది, తీసెయ్ మామా" అని అమ్మ అంటే, "ఉండనీ తల్లీ, సల్లగుంది" అన్నాడు. నేను అప్పటికే కోపం మరిచి తమ్ముడి వేళ్లు లెక్కపెట్టే పనిలో ఉన్నాను.

ఇప్పుడు నా మనవరాలు బడినుంచి వస్తూ మేడమెట్లు ఎక్కనని మొండికేస్తుంది. నా పోలికే. నేను రెండో మెట్టు మీద ఆగి, మోకాలు పట్టేసింది, చెయ్యందుకో తల్లీ అంటాను. అది సంచీ భుజాన సర్దుకుని, పెద్దమనిషిలా నన్ను పైదాకా నడిపిస్తుంది. మొదట్లో అది పూర్తిగా నటనే. ఈ మధ్య సగమే నటన. ఆ బయలులో తాతకు కూడా నిజంగానే కళ్లు తిరిగాయేమోనని, చెంగున దూకింది నేను భయపడకూడదనేమోనని అనిపించి, ఒక్కోసారి మెట్ల మధ్యలో నాకు కళ్లనీళ్లు తిరుగుతాయి. అడుగుదామంటే ఆయన లేడు. ఆ రోజునుంచి మాత్రం, ఇక నావల్ల కాదని కూలబడినప్పుడల్లా, పక్కన ఎవరు కూలబడి ఉన్నారోనని చూడడం నాకు అలవాటైంది. ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లను లేపబోయి నేనూ లేస్తాను.