మాత్రల పెట్టెలో కాగితం

రెడ్డిగూడెంలో మామిడితోట కౌలుకు చేసే మా బాబాయికి ఒక అలవాటు ఉండేది. బీపీ మాత్రల పెట్టెలో వచ్చే కాగితం మడతలు విప్పి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా పిందెలు పెట్టి, చీమల్లాంటి ఆ ఇంగ్లీషు అక్షరాలను వంగి చూసేవాడు.

"ఇంగ్లీషు మాస్టారివి కదరా, ఇందులో ఏముందో చదివి చెప్పు" అని ఒకరోజు నన్ను అడిగాడు.

"అది డాక్టర్ల కోసంలే బాబాయ్, నీకెందుకు?" అని బండెక్కాను. నిజానికి జేబులోంచి కళ్లజోడు తీయడానికి బద్ధకించాను.

బీపీ తగ్గిందని తెలియగానే, కోతకు ముందు తోటకు స్ప్రే ఆపినట్టే, ఆయన మాత్రలు ఆపేశాడు. కోతలు పూర్తికాకముందే పక్షవాతం వచ్చింది. డాక్టరును అడగకుండా ఆపకూడదని ఆ కాగితంలోనే ఉంది. తర్వాత చదివాను.

"ఎవరి మాటా వినడండీ, మొండి మనిషి" అని చూడడానికి వచ్చినవాళ్లందరికీ పిన్ని చెబుతోంది. ఆ మాట వచ్చినప్పుడల్లా కూర్చోలేక వాకిట్లోకి వెళ్లిపోతున్నాను. నిన్న బాబాయి కూడా, నా వైపు చూడకుండా, "అవునే, నాదే మొండితనం" అన్నాడు తడబడుతూ.

కాదు పిన్నీ. ఆయన అడిగాడు. నేనే చదవలేదు.