ముందే వేసిన దరఖాస్తు

నాకు ఆ యూనివర్సిటీలో సీటు రాదని తేల్చి చెప్పినప్పుడు ఆ మనిషి గారె నములుతున్నాడు.

జర్మనీలో, ఎర్లాంగెన్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవాడు. మా ఆయన పనిచేసే కంపెనీలోనే పెద్ద ఉద్యోగం. గుంటూరు వైపు మనిషి. మ్యూనిక్ దగ్గరున్న ఆ పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలోనే ఒకప్పుడు మాస్టర్స్ చదివాడు. అందుకని మా ఊళ్ళో తెలుగువాళ్ళలో ఎవరికి ఎక్కడ సీటొస్తుందో, ఎవరికి రాదో చెప్పే పెద్దరికం ఆయనకు దానంతటదే వచ్చింది. అందరం అన్న అనేవాళ్ళం. ఆయన భార్య నాకు వదిన.

ఆ ఆదివారం వాళ్ళింట్లో భోజనాలు. నాలుగు కుటుంబాలం. ఇన్ఫర్మాటిక్స్‌లో మాస్టర్స్‌కి అప్లై చేద్దామనుకుంటున్నానని నేనే నోరు జారాను. అన్న వెంటనే లాప్‌టాప్ తెప్పించుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బీటెక్‌లో ఎంత నీకు?"

"అరవై ఎనిమిది."

"అంటే ఇక్కడి లెక్కలో రెండు పాయింట్ ఆరు." ఇక్కడ ఒకటి వస్తే గొప్ప, నాలుగు దాటితే ఫెయిలు. రెండు పాయింట్ ఆరు అంటే నడిమధ్య రకం. "హైదరాబాదులో ఎన్నేళ్ళు చేశావు?"

"మూడేళ్ళు. టెస్టింగ్‌ల."

"తర్వాత?"

"పెళ్ళి. ఇక్కడికొచ్చిన. పాప."

"ఆరేళ్ళ గ్యాపు." మీటలు టకటకా నొక్కాడు. గదిలో అందరూ మాటలాపి వింటున్నారు. "అయిదు శాతం కూడా లేదు చెల్లెమ్మా. ఎందుకొచ్చిన తిప్పలు? జర్మన్ ఇంకో లెవెల్ పూర్తి చేసుకుని కీటాలో హెల్పర్‌గా చేరిపో. పాప కూడా అక్కడే ఉంటది కదా, కళ్ళ ముందే."

నలుగురూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. కీటా అంటే బడికి ముందు పిల్లల్ని ఉంచే చోటు. అక్కడ పిల్లల్ని చూసుకునే ఆడవాళ్ళంటే నాకు గౌరవమే. మా పాపకు చెప్పుల పట్టీలు పెట్టుకోవడం నేర్పింది వాళ్ళే. కానీ అన్న నోటి నుంచి ఆ మాట వచ్చిన తీరు వేరు. నన్ను ఎక్కడ కూర్చోబెట్టాలో ఆయనకు ముందే తెలుసు.

వదిన మాత్రం నవ్వలేదు. గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

ఇంటికి సైకిళ్ళ మీద వస్తూ దారిలోనే అడిగాను.

"నువ్వెందుకు నవ్వినవ్?"

"ఊకె నవ్విన. అందరు నవ్విన్రు, నేనూ నవ్విన. దానికేమైతది?"

"అందరు నా మొగళ్ళు కాదు."

"అన్న చెప్పేది నీ మంచికే గద. ఆయన అండ్ల చదివిండు. ఆయనకు ఎర్క."

"అయితే ఆయన్నే చేసుకోవాల్సింది."

ఆయన సైకిల్ వేగం పెంచి ముందుకు వెళ్ళిపోయాడు. నా వెనక సీట్లో కూర్చున్న పాప, "అమ్మా, కోపమొచ్చిందా?" అని జర్మన్‌లో అడిగింది. రాలేదని తెలుగులో అబద్ధం చెప్పాను. ఆ రోజు తర్వాత మూడు వారాలపాటు మా ఇంట్లో పాలు, కీటా, చెత్త డబ్బా తప్ప వేరే మాట లేదు.

అన్న చెప్పిన ఇంకో సంగతి ఉంది. అప్లై చేసినా మొదట్లో చేయకూడదట. మొదట్లో మంచి మార్కులవాళ్ళే వేస్తారట, వాళ్ళ మధ్య మనం తేలిపోతామట. చివరి వారం దాకా ఆగితే సీట్లు నింపుకోవడానికి వాళ్ళే కిందికి దిగుతారట. ఆ మాట నిజమో కాదో తెలుసుకుందామని యూనివర్సిటీకి ఫోన్ చేశాను. అరగంట సంగీతం విన్న తర్వాత ఒకావిడ ఎత్తింది. మార్కులు చెప్పి, నాకు ఎంత అవకాశం ఉందని అడిగాను.

"అవకాశాల గురించి మేం మాట్లాడం. నియమావళి వెబ్‌సైట్‌లో ఉంది. చదువుకోండి." ఫోన్ పెట్టేసింది.

ఆవిడ మీద కూడా ఒళ్ళు మండింది. కానీ చదివాను. అంతా జర్మన్, ఒక్కో వాక్యం అరపేజీ. డిక్షనరీ పక్కన పెట్టుకుని, పాప కీటాలో ఉన్న పూటల్లో, వంటగది బల్ల మీద పది రోజులు చదివాను. అన్న చెప్పినవేవీ అందులో లేవు. ఎన్ని దరఖాస్తులు వచ్చాయన్నదాంతో పని లేదు. ఎవరి దరఖాస్తు వాళ్ళదే. వచ్చినదాన్ని వచ్చినట్టే చూస్తారు, ముందు వేస్తే ముందు చూస్తారు. మార్కులకు కొన్ని పాయింట్లే. మనం చదివిన సబ్జెక్టులు వాళ్ళ సబ్జెక్టులకు ఎంత దగ్గరగా ఉన్నాయన్నదానికి అంతకంటే ఎక్కువ. మధ్యరకంగా ఉన్నవాళ్ళని ఇంటర్వ్యూకి పిలుస్తారు. అన్న చదువుకున్న కాలంలో పద్ధతి వేరే ఏమో. పేజీ తెరిచి చూడకుండా పదిమంది ముందు నా బతుకును లెక్కేశాడు.

పాత క్లాస్‌మేట్ ఒకామె మా కాలేజీ సిలబస్ ఫోటోలు తీసి పంపింది. ఒక్కో సబ్జెక్టుకూ ఏ పాఠం ఎన్ని గంటలో పట్టిక వేశాను. ఇండియా సర్టిఫికెట్లు అసలువేనని ధ్రువీకరించే కాగితం ఒకటి కావాలి. అది రావడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. దానికి అందరికంటే ముందే పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా, పోస్టులో కవరు వచ్చేదాకా తెలియదు.

కవరు వచ్చిన వారంలోనే వదిన మా ఇంటికొచ్చింది. వాళ్ళ చిన్నవాడూ మా పాపా ఒకే కీటా. పిల్లల్ని తేవడానికి ఇంకా గంట టైముంది. టీ పెట్టాను. వదిన కప్పును రెండు చేతుల్తో పట్టుకుని, తాగకుండా అడిగింది.

"ఆ యూనివర్సిటీకి అప్లికేషన్లు ఎప్పుడు తెరుస్తారో తెలుసా నీకు? కాగితాలేమేం కావాలో?"

"ఎవరికి వదినా?"

"నాకే. నాకు ఎనభై రెండు శాతం ఉంది. కాలేజీలో రెండోదాన్ని. మీ అన్నయ్యని అడిగితే చిన్నోడు స్కూలుకెళ్ళాక చూద్దాంలే అంటన్నారు. ఆయన్ని మళ్ళీ అడగాలనిపించలా."

ఎనభై రెండు. ఇక్కడి లెక్కలో ఒకటి పాయింట్ తొమ్మిది. ఆ ఆదివారం వాళ్ళ సోఫాలో నేను తలొంచుకున్న క్షణం గుర్తుకొచ్చింది. ఆ ఇంటి మనిషికి నేనెందుకు సాయం చేయాలి? దరఖాస్తులు ఎల్లుండి తెరుస్తారని నాకు తెలుసు. ధ్రువీకరణ కాగితం కోసం ఆ రోజే మొదలుపెట్టకపోతే గడువుకి అందదని కూడా తెలుసు. ఆ కవరు పక్క గదిలో సొరుగులోనే ఉంది.

"ఇంక డేట్ ఇయ్యలేదట వదినా. తెలిస్తే చెప్త."

"మర్చిపోకేం," అని టీ తాగింది. తర్వాత ఇద్దరం కలిసే కీటాకు నడిచాం. దారంతా ఆవిడ కాలేజీ రోజుల గురించి చెప్పింది. నేను ఊ కొట్టాను.

మూడో రోజు, పాపను దించి వచ్చి, పొద్దున పదకొండింటికి దరఖాస్తు పంపాను. తెరిచిన రోజే. వదినకు చెప్పలేదు.

కొన్ని వారాలకు ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. అంటే నేను మధ్యరకం. అన్న లెక్క అంతవరకు నిజమే. రైల్లో మ్యూనిక్ వెళ్ళి, అక్కడి నుంచి ఊబాన్, అంటే మెట్రో, ఎక్కి యూనివర్సిటీ ఉన్న గార్చింగ్‌లో దిగాను. అంతా గాజూ కాంక్రీటూ, మైదానంలో ఈదురుగాలి. గదిలో ఇద్దరు ప్రొఫెసర్లు. ఒకాయన నా కాగితం మీంచి తలెత్తకుండా అడిగాడు.

"ఈ ఆరేళ్ళు ఏం చేశారు?"

ప్రతివాడూ అడిగేది అదే. నా గొంతులో మర్యాద సన్నగిల్లింది.

"బిడ్డను పెంచాను. మీ భాష నేర్చుకున్నాను. మీ ఆఫీసుల్లో మా ఇంటివాళ్ళందరి ఫారాలూ నింపాను. ఇంకా చెప్పమంటే చెప్తాను."

ఆయన అప్పుడు తలెత్తాడు. నవ్వలేదు. రెండో ఆవిడ బోర్డు చూపించి, ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా అది ఎక్కడో ఒకచోట ఆగుతుందా, ఆగకుండా తిరుగుతూనే ఉంటుందా అని ముందే చెప్పే ఇంకో ప్రోగ్రామ్ రాయగలరా అని అడిగింది. రాయలేమన్నాను. ఎందుకు రాయలేమో చూపించమంది. మొదలుపెట్టి సగంలో చిక్కుపడ్డాను. మొత్తం తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి రాశాను. ఈసారి చివరిదాకా వెళ్ళింది. ఇరవై నిమిషాలైందని చెప్పి పంపేశారు. బయటికొచ్చి ఊబాన్ మెట్ల మీద కూర్చుని అరటిపండు తిన్నాను.

సీటు వచ్చింది. దరఖాస్తుల గడువు ముగియడానికి ఇంకా వారాలుండగానే ఉత్తరం వచ్చింది. మా ఆయన చదివి కాగితాన్ని మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఆ దినం నవ్వకపోవాల్సింది," అన్నాడు.

"అవును," అన్నాను. అంతకంటే మెత్తగా మాట రాలేదు.

ఆఫీసులో ఆయనే చెప్పినట్టున్నాడు, సాయంత్రానికి అన్న ఫోన్ చేశాడు. "లక్కు చెల్లెమ్మా! ముందుగా వేశావు కాబట్టి దూరిపోయావు. నేనదే చెప్పాగా, ముందు వేయాలని." ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. "మీరు చెప్పింది చివర్ల వెయ్యమని," అన్నాను. ఆయన వినిపించుకోలేదు. వేరే ఎవరికో సీటొచ్చిన కథ ఎత్తుకున్నాడు. నేను మాట మధ్యలో ఫోన్ కట్ చేశాను. పెద్దవాళ్ళతో అలా చేయడం అదే మొదలు, హాయిగా ఉంది.

ఆ హాయి మర్నాటి దాకే. మధ్యాహ్నం బెల్లు మోగింది. తలుపు తీస్తే వదిన. లోపలికి రమ్మన్నా రాలేదు. మెట్ల దగ్గరే, చలికోటు జిప్పు కూడా తీయకుండా నిలబడింది.

"నీకు రావడం సంతోషమే. ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నేను మీ ఇంటికొచ్చి అడిగిన రోజు నీకు డేటు తెలుసా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను.

"తెలుసు."

"కాగితం సంగతి?"

"అది గూడ తెలుసు. అప్పటికే నాది వచ్చింది."

"నిన్న రాత్రి కూర్చుని చూశాను. ఇప్పుడు పెడితే ఆ కాగితం గడువులోగా రాదు. ఇంకో ఏడాది." ఆవిడ గొంతు పెంచలేదు. "మీ అన్నయ్య నన్ను ఆపాడు. ఆయన ఎప్పుడూ అంతే, నాకు అలవాటైపోయింది. నువ్వెందుకు ఆపావు?"

"అన్న ఆ దినం నన్ను అందరి ముందల..."

"అన్నది ఆయన. అడిగింది నేను." వదిన మెట్లు దిగింది. సగం మెట్లు దిగాక ఆగి, వెనక్కి తిరగకుండా అంది. "ఆ రోజు వంటింట్లో నీ గురించి ఆయనతో పోట్లాడాను. నీకెట్టా తెలుస్తదిలే."

కింద వీధి తలుపు మూసుకున్న చప్పుడు వినిపించేదాకా నేను గడపలోనే నిలబడ్డాను. అన్న మీది కోపం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ కోపాన్ని తీర్చుకోవడానికి నాకు దొరికిన మనిషి, ఆ గదిలో నవ్వని ఒకే ఒక్క మనిషి. దానికి నా దగ్గర ఏ సాకూ లేదు. రెండుసార్లు క్షమించమని మెసేజ్ పెట్టాను. చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. తర్వాత ఆవిడ పిల్లవాణ్ణి కీటాకు అరగంట ముందే తెచ్చేది, నాకు ఎదురుపడకుండా.

మరుసటి ఏడాది వదిన ఎవరినీ అడగకుండా దరఖాస్తు వేసుకుంది. ఇంటర్వ్యూ కూడా లేకుండా నేరుగా సీటు వచ్చిందని మా ఆయన చెప్పాడు. అన్న మాత్రం కంపెనీ క్యాంటీన్‌లో అది తన సలహాయేనని అందరికీ చెప్పుకున్నాడట. వాళ్ళింటి ఆదివారం భోజనాలకు మేం వెళ్ళడం మానేశాం. వాళ్ళు పిలవడం కూడా మానేశారు.

నేను మూడో సెమిస్టర్‌లో ఉండగా, ఒక మధ్యాహ్నం గార్చింగ్ క్యాంటీన్‌లో ఆవిడను చూశాను. కిటికీ దగ్గర ఒక్కతే కూర్చుని నోట్సు తిరగేస్తూ తింటోంది. ట్రే పట్టుకుని ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"వదినా, కూసోవచ్చా?"

నన్ను చూసింది. ముఖంలో కోపం లేదు. పరిచయం లేనివాళ్ళను చూసినట్టు చూసింది. ఎదుటి కుర్చీ మీద తన బ్యాగు పెట్టింది.

"ఇక్కడ మనుషులున్నారు," అంది జర్మన్‌లో.

నేను గోడ వైపు ఇంకో బల్ల దగ్గర కూర్చుని తిన్నాను. ఆవిడ తిని, నోట్సు సర్దుకుని, ట్రే అప్పగించి క్లాసుకు వెళ్ళిపోయింది. ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు.