తోమిన రివాల్వర్ ధర

అమ్మబోయే పాత వస్తువును ముందుగా తోమి తళతళలాడించాలని మీకు ఎవరు చెప్పారు? మొన్న ఐసెలిన్ అనే ఊళ్లో ఒక స్నేహితుడి ఇంట్లో అడుగు పెట్టగానే చింతపండు పులుపు వాసన ముక్కుకు తగిలింది. కొనేవాళ్లు వస్తున్నారట, తమ నాన్నమ్మ నాటి ఇత్తడి పెట్టెను సింకులో పెట్టి పీచుతో రుద్దేస్తున్నారు. "ఆపండి!" అని అరిచాను. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. అలా అరవడం నాకు నేర్పింది భాస్కరంగారు.

ఎనభైల మొదట్లో మేము పిట్స్‌బర్గ్ దగ్గర ఉండేవాళ్లం. ఆయన అక్కడి ఉక్కు కర్మాగారంలో లోహశాస్త్రజ్ఞుడు. సెలవు రోజుల్లో పాత రిమ్‌ఫైర్ రివాల్వర్లు సేకరించేవారు. తూటా మధ్యలో కాకుండా దాని అంచు మీద దెబ్బ పడితే పేలే రకం అవి. ఎవరైనా ఒకటి తెచ్చి ధర అడిగితే ఇక మా భోజనాలు చల్లారిపోవలసిందే. గొట్టం లోపలి మెలిక గాడులు అరిగాయా, తూటాల చక్రం వదులైందా, పిడి మొదటిదేనా, భాగాల మీది అంకెలు కలుస్తున్నాయా, ఇవన్నీ చూసేవారు. ఉక్కు మీద కర్మాగారం పెట్టిన నీలి పూత ఎంత మిగిలిందో వెలుతురులో తిప్పి తిప్పి చూసేవారు. తరవాత, అలాంటిది ఈమధ్య నిజంగా ఎంతకు చేతులు మారిందో ఆరా తీసేవారు. "అమ్మేవాడు అడిగేది వాడి కోరిక. కొన్నవాడు ఇచ్చిందే ధర," అనేవారు. ఆకలితో నాకు ఒళ్లు మండేది.

కానీ మనవాళ్లను చూస్తే ఇంకా మండేది. గుండె డాక్టరు మూర్తిగారు ఒక పార్టీలో తుప్పు పట్టిన రివాల్వర్ ఒకటి అందరికీ చూపించారు. "రైళ్లు దోచిన దొంగ వాడిందండీ ఇది! డీలర్ ప్రామిస్ చేశాడు. లాస్ట్ సాటర్‌డేనే కొన్నాను."

భాస్కరంగారు దాన్ని అటూ ఇటూ తిప్పారు. "దొంగ చేతిలోంచే వచ్చింది డాక్టరుగారూ, అందులో అనుమానం లేదు. పోయిన శనివారమే వచ్చింది."

అందరూ నవ్వారు. మూర్తిగారు మాత్రం ఆ కథను వదల్లేదు. రోగికి పరీక్ష చేయకుండా మందు రాయని మనిషి, తుపాకీకి రుజువు అడగడు! తాయెత్తులు కట్టించుకునే బుద్ధి పై చదువులతో పోదని ఆ రోజే నాకు అర్థమైంది.

ఆ మరుసటి ఏడాది మా ప్రభాకర్ హఠాత్తుగా పోయాడు. గుంటూరు వాడు, మా ఊరి తెలుగు చర్చిలో పాటలు పాడేవాడు. అతని భార్య సుగుణ నర్సింగు కోర్సులో చేరాలనుకుంది. ఫీజుకు, ఉన్న ఇల్లు కాక, ఆమె అమ్మగలిగిందల్లా అతను ముచ్చటపడి దాచుకున్న రిమ్‌ఫైర్ రివాల్వర్. భాస్కరంగారు ఎంతంటే అంతకు తాను కొంటానని మూర్తిగారు మాటిచ్చారు. ముగ్గురం వెళ్లాం.

సుగుణ ట్రేలో టీ కప్పుల పక్కనే దాన్ని పెట్టి తెచ్చింది. వెండి గిన్నెలా మెరుస్తోంది.

"నల్లగా అసహ్యంగా ఉంది అన్నయ్యగారూ. నలుగురికీ చూపించేది కదాని చింతపండు, బూడిద వేసి తోమాను."

భాస్కరంగారు కళ్లు మూసుకున్నారు. "ఎంత పని చేశావమ్మా! ఆ నలుపే కర్మాగారం పూత, దీని విలువంతా అదే."

మూర్తిగారు ఆయన్ని వంటగది వైపు లాగారు. "పాత రేటే చెప్పెయ్యండి సార్. నేను ఇచ్చేస్తాను. పాపం, హెల్ప్ చేసినట్టుంటుంది."

"హెల్ప్ అని చెప్పి చెక్కు రాయండి, ఎవరొద్దన్నారు? దానికి ధర అని పేరు పెట్టకండి. రేపు ఇంకొకటి అమ్మాల్సొస్తే ఆవిడ ఈ లెక్కే నమ్ముకుంటుంది."

ఆయన వచ్చి సుగుణ ఎదురుగా కూర్చుని, రావాల్సిన దాంట్లో సగం కూడా రాదని, ఎందుకు రాదో ఉక్కు మీద వేలు పెట్టి చూపిస్తూ చెప్పారు. ఆమె ముఖం ఎర్రబడింది.

"చచ్చినవాడి వస్తువండీ! కాస్త కూడా జాలి లేదా మీకు?"

"ఉందమ్మా. అందుకే చెప్తున్నాను."

ఆయన చెప్పిన ధరకే మూర్తిగారు సణుక్కుంటూ కొన్నారు. సుగుణ మమ్మల్ని గుమ్మం దాకా కూడా సాగనంపలేదు. కారులో నేను భాస్కరంగారి పక్కన కూర్చోకుండా వెనక సీటు ఎక్కాను. మొండితనానికీ నిజాయితీకీ తేడా తెలియని మనిషి అనుకున్నాను.

కొద్ది రోజులకు సుగుణ దగ్గరనుంచి ఆయనకు ఫోను వచ్చింది. ఫీజుకు డబ్బు చాలక ఆమె ఇల్లు అమ్మక తప్పడం లేదు. ఏజెంటు తియ్యగా మాట్లాడుతున్నాడు, చర్చి పెద్దలు తలా ఒక మాట చెబుతున్నారు. "మీరు రండి అన్నయ్యగారూ," అందట. "వీళ్లందరూ నన్ను ఓదారుస్తున్నారు. నాకు ధర కావాలి."

భాస్కరంగారు టార్చి పట్టుకుని బేస్‌మెంటులోకి దిగారు, పైకప్పు ఎక్కారు, ఆ వీధిలో అమ్ముడుపోయిన ఇళ్ల ధరలన్నీ ఆరా తీశారు. ఏజెంటు చెప్పింది బాగా తక్కువని తేల్చి, వాడి ఎదుట సుగుణ చేతనే ఆ మాట అనిపించారు. ఇల్లు సరైన ధరకు పోయింది, ఆమె కోర్సులో చేరింది. డ్రైవింగ్ వచ్చేదాకా ఆమెను క్లాసులకు దింపింది కూడా ఆ మొండి మనిషే.

రేపో మాపో మీ దగ్గరకూ ఎవరో వస్తారు. చెల్లెలు తాను పెట్టబోయే షాపు గురించి, స్నేహితుడు తాను రాసిన పుస్తకం గురించి, ఇది ఎంత చేస్తుందని అడుగుతారు. మొహమాటంతో అబద్ధం చెప్పకండి. ఉన్నది ఉన్నట్టు ముఖం మీదే చెప్పండి. చెప్పేసి చేతులు దులుపుకుని లేచిపోకండి కూడా. కుర్చీ ఇంకాస్త దగ్గరకు లాక్కుని, "ఇప్పుడేం చేద్దాం?" అని అడగండి.