రాహేలు మందు తాపిన దూడ

మా రాహేలక్కది పాపిష్టి చెయ్యి అనే నోళ్లు మెదక్‌లో ఇప్పటికీ ఉన్నాయి. నా ఎదుట మాత్రం ఎవరూ అనరు. ఒకసారి అన్న మనిషికి బావి దగ్గర నేను చేసిన మర్యాద వాడంతా చూసింది. ఆమె నా తోటికోడలు. ఆమెతో పోట్లాడినంత నేను మా ఆయనతో కూడా పోట్లాడలేదు. ఉప్పు దగ్గర పోట్లాడాం, కట్టెల దగ్గర పోట్లాడాం. అయినా ఆమెను అంటే నేననాలి, ఊరికేం పని?

చర్చి వెనక మా వాడలో ఎవరి గొడ్డుకు బాగాలేకపోయినా రాహేలక్కనే పిలిచేవారు. దూడ పారుకున్నా, ఎద్దు మేత ముట్టకపోయినా, కడుపు ఉబ్బినా వెదురు గొట్టం పట్టుకుని వచ్చేది. కుల్చారం నుంచి బండి కట్టుకుని వచ్చి తీసుకుపోయిన వాళ్లూ ఉన్నారు. మందుల్లో దాపరికమేమీ లేదు. ఓమ, ఇంగువ, నువ్వుల నూనె, దానిమ్మ తొక్క, అన్నీ ఇళ్లల్లో ఉండేవే. తాపడంలోనే ఉంది ఆమె పనితనమంతా. పశువు మూతిని దాని కంటికంటే ఎత్తుకు లేపనిచ్చేది కాదు. దవడ సందులోంచి కొంచెం కొంచెంగా పోస్తూ, గుటక పడిందా లేదా అని గొంతు మీద చెయ్యి వేసి చూసేది. అది దగ్గిందంటే చాలు, మందు సగంలో ఉన్నా తల వదిలేసేది.

ఒకసారి భూమయ్య అనే రైతు తన ఎద్దు దగ్గుతున్నా ముక్కుతాడు వదలలేదు. రాహేలక్క అతన్ని అందరి ముందూ కడిగేసింది. “దగ్గంగ పట్టుకుంటే మందు ఊపిరిలకు పోతది, ఇగ బతుకది. నీ గొంతుల నీళ్లు అడ్డం పడ్డప్పుడు నీ మెడ గిట్లనే పట్టాల్నా?” అంది. భూమయ్య తాడు వదిలేశాడు.

నిజాం మీదికి యూనియన్ మిలిటరీ వచ్చిన ఏడాది, వానలు మొదలైనప్పుడు, ఆమె ఒక్కగానొక్క కూతురు నవోమి కాన్పులో పోయింది. ఆడపిల్ల బతికింది. అల్లుడు పనికోసం పట్నం పోయి, దారులు మూసుకుపోయి అక్కడే చిక్కుకున్నాడు. రాహేలక్క ఆ పిల్లకు తల్లి పేరే పెట్టుకుని, మా ఎర్రావు పాలతో సాకింది. ఆ పాలు తప్ప పిల్లకు ఏదీ పడేది కాదు. మేకపాలు పోస్తే కక్కేది, గంజి పోస్తే పారుకునేది. వాడలో పాలిచ్చే తల్లి ఎవరూ లేరు. నా రొమ్ములు ఎండిపోయి ఏళ్లయింది. ఏం చేయను?

ఎర్రావుకు ఒక గుణం ఉండేది. దూడ వచ్చి పొదుగు కుమ్మితేగానీ పాలు చేపేది కాదు. అందుకని రాహేలక్క ఆ దూడను నేల మీద నడవనివ్వనంత ముద్దు చేసేది. “మన చిన్నదీ గిదీ ఒక్క తల్లి పిల్లలే చెల్లె” అనేది. నేను నవ్వేదాన్ని.

అంతలో మిలిటరీ వస్తోందని గుప్పుమంది. రజాకార్లు పోతూ పోతూ ఇళ్లు తగలబెడతారని ఒకరు, వచ్చేవాళ్లు ముందూ వెనకా చూడకుండా కాలుస్తారని ఇంకొకరు. వాడంతా చెల్లాచెదురైంది. మేం కూడా పిల్లను, ఆవును, దూడను తీసుకుని మా జొన్నచేలో దాక్కున్నాం. అది సరిగ్గా రోడ్డు పక్కనే. మా ఆయన మోషే తెలివి అట్లా ఏడ్చింది!

మధ్యాహ్నానికి దూడ పచ్చి అలసంద తీగ మేసి ఉబ్బిపోయింది. ఎడమ డొక్క డప్పులా బిగిసింది. నిలబడలేక కాళ్లు తన్నుకుంటోంది. రాహేలక్క మూటలోంచి ఓమ, ఇంగువ తీసి రాయి మీద నూరి నూనెలో కలిపింది. నేను దూడ మెడ పట్టుకున్నాను. ఒక గుటక మింగింది. ఇంకో గుటక మింగింది. అప్పుడే లారీల మోత వినిపించింది.

చేను గట్టున పడుకుని చూస్తున్న మా ఆయన గుసగుసగా హెచ్చరించాడు. “వదినే, సప్పుడు కానియ్యకుండ్రి! లారీ ఆగింది! దిగుతుండ్రు!”

సరిగ్గా అప్పుడే దూడ దగ్గింది. నేను అలవాటు కొద్దీ చెయ్యి తీసేశాను. రాహేలక్క తియ్యలేదు. పక్కన చాప మీద నిద్రపోతున్న చిన్నదాన్ని ఒకసారి చూసింది. గొట్టం పడేసి, దూడ మూతిని రెండు చేతులతో బిగించి తన రొమ్ముకు అదుముకుంది. దూడ ఒళ్లంతా ఎగిరెగిరి పడింది. కళ్లు బయటికొచ్చాయి. ఆమె ఆ కళ్లలోకి చూడలేక తల తిప్పుకుంది.

లారీలు వెళ్లిపోయాయి. ఆమె చేతులు వదిలితే దూడ ముక్కులోంచి నూనె కారింది.

“డొక్క తగ్గింది గదక్కా?” అన్నాను.

“తగ్గింది చెల్లె. గని ఊపిరిలకు పోయింది” అంది. ఆ మాట అంటున్నప్పుడే ఆమె సగం చచ్చిపోయింది.

మేం ఇంటికి వచ్చేసరికి ఊళ్లో జెండాలు ఎగురుతున్నాయి. జనం మిఠాయి పంచుకుంటున్నారు. మా కొట్టంలో దూడ మెడ చాచి ఎగశ్వాస తీస్తోంది. రాహేలక్క దానికి ఆవిరి పట్టింది, రొమ్ముకు కాపడం పెట్టింది, మోకరించి ప్రార్థన చేసింది. అది పోయింది. ఎర్రావు పొదుగు ముట్టుకోనియ్యలేదు, కాలితో కొట్టింది. పొరుగింటి ఎల్లం, చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి తెచ్చి ముందు నిలబెట్టాడు. ఎర్రావు దాన్ని ఒకసారి మూచూసి మొహం తిప్పుకుని అరిచింది. ఆ అరుపు పగలంతా వినలేక చెవులు మూసుకున్నాను.

ఇంట్లో చిన్నది ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడవడం కూడా మానేసింది.

“గట్ల పట్టకపోతే అందర్ని సంపేటోళ్లక్కా” అన్నాను నేను.

“ఎవ్వరే సంపేటోళ్లు? నీ మొగడే జెప్పిండు గద. లారీకి నీళ్లు పోసుకున్నరు, పోయిండ్రు. చేను దిక్కు సుత సూడలే.” చేతులు చాపి నాకు చూపించింది. “నా చేతులే చెల్లె. ఊరందరికి బుద్ధులు చెప్పిన చేతులు.”

దేవుడా, ఎంత అన్యాయం చేశావు! చిన్నదాన్ని తల్లి సమాధి పక్కనే పెట్టాం.

అక్కడి నుంచి వచ్చి రాహేలక్క ఇంట్లోకి రాలేదు. తిన్నగా కొట్టంలోకి పోయి ఎర్రావు పొట్టకు తల ఆనించి కూలబడింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆవు మెడ తిప్పి ఆమె జుట్టు నాకడం మొదలుపెట్టింది. నాకుతూ నాకుతూ చేపింది. పాలు వాటంతటవే ధారగా నేల మీద పడుతున్నాయి.

రాహేలక్క ఉలిక్కిపడి అరచేతులు కింద పట్టింది. “చెల్లె, గిన్నె తేవే! జల్ది తే, చేపింది!” అని కేకేసింది.

నేను పరుగెత్తి గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఆ పాలు ఎవరికోసమో అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ.