టీవీలో కాలిన లారీ

టీవీలో విలేకరి వెనక సైన్యం లారీ మంటల్లో కనిపించింది. అది కార్గిల్ యుద్ధకాలం. మేం మచ్చ బొల్లారంలో ఉండేవాళ్లం. మావారు యుద్ధంలో అలాంటి లారీయే నడుపుతున్నారు.

విలేకరేమో ఫిరంగి గుండు తనకెంత దగ్గర్లో పడిందో వర్ణిస్తున్నాడు. మా అత్తమ్మ టీవీ ముందుకెళ్లి, "జర పక్కకు జరుగయ్యా! లారీల నా కొడుకున్నడేమో సూడనీ" అని అరిచింది. అతను జరగలేదు. డ్రైవర్ బతికాడో లేదో చెప్పనూ లేదు.

ఆ విలేకరి ప్రాణాలకు తెగించి వెళ్లాడు, కాదనను. అతను లేకపోతే ఆ మంటల సంగతే మాకు తెలిసేది కాదు. పన్నెండు రోజులకు క్షేమంగా ఉన్నానని మావారి ఉత్తరం వచ్చింది. అయినా ఆ విలేకరి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఆ మంటలు చూసిన మర్నాడు పొద్దున పిల్లలు, "గది నాయిన లారీయేనా అమ్మా?" అని అడిగారు.

"అంత దగ్గరున్న ఆ టీవీ ఆయనే సూడలే బిడ్డా. నాకూ తెల్వదు. తెలిసిననాడు నేనే చెప్త. అప్పటిదాంక టీవీ పెట్టద్దు" అన్నాను.